తోలుబొమ్మల పనిశాల: ఊళ్లోనే ఉంచడం మేలా, నెల్లూరుకు తరలించడం మేలా?

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు వెళ్లే ప్రాంతంలో, తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. అటువంటి ఇంట ఒక పెద్ద కళాకారుడు కాలం చేసినప్పుడు, ఆయన కూర్చుని పనిచేసిన వసారాను, ఉలులను, రంగుల చిప్పలను, సగంలో ఆగిన బొమ్మలను ప్రజలు చూసేలా భద్రపరచాలంటే మూడు దారులున్నాయి. పనిశాలను ఉన్నది ఉన్నట్టుగా మ్యూజియం చేయవచ్చు. సామగ్రినంతా నెల్లూరుకు తెచ్చి ఒక గదిలో తిరిగి అమర్చవచ్చు. లేదా వారసులు అక్కడే పని సాగిస్తుండగా సందర్శకులను రానివ్వవచ్చు.

మొదటి దారికి ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్‌ను ఉదాహరణగా చూపుతారు. శిల్పి బార్బరా హెప్‌వర్త్ 1975లో మరణించగా, ఆమె పనిశాలను, తోటను మరుసటి ఏడాదే మ్యూజియంగా తెరిచారు. అయితే ఆ తోటలో నిలిచినవి రాయి, కంచు. మన దగ్గరున్నది మేకతోలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానలకు అది తేమ పీల్చి బూజు పడుతుంది, వేసవి ఎండలకు బిగిసి పెళుసెక్కుతుంది. బొమ్మలాడించే ఇంట్లో వాటిని తరచూ బయటికి తీసి, తుడిచి, ఆరబెడతారు. తాళం వేసిన ఇంట్లో ఆ పని ఎవరూ చేయరు. జీతం తీసుకునే సంరక్షకుడు లేని చోట ఈ దారిని ఎంచుకోకపోవడమే మంచిది.

తరలింపునకు ఐర్లండు రాజధాని డబ్లిన్ మంచి నమూనా. చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ మరణించాక, లండన్‌లోని ఆయన పనిగదిని వారసుడు జాన్ ఎడ్వర్డ్స్ 1998లో డబ్లిన్‌లోని హ్యూ లేన్ గ్యాలరీకి దానం చేశారు. పురావస్తు నిపుణులు ప్రతి వస్తువూ ఏ మూల ఉన్నదో నమోదు చేసి, ఏడు వేలకు పైగా వస్తువులను, గోడలు, తలుపులతో సహా తరలించి, 2001లో ప్రదర్శనకు తెరిచారు. నెల్లూరులో అయితే బడిపిల్లలు బస్సెక్కి వచ్చి చూడగలరు, కాపలా ఉంటుంది, తేమను అదుపు చేయవచ్చు. చిక్కల్లా వెలుతురుతోనే. మన తోలుబొమ్మ వెనుక దీపం ఉంటేనే బొమ్మ. వెలుగు దాటేంత పలుచగా తోలును గీకి, రెండు వైపులా రంగు వేసి, నగలున్న చోటల్లా ఉలితో చిల్లులు కొట్టేది అందుకే. దాన్ని గోడకు ఆనించి అద్దం బిగిస్తే ఆటలో నవ్వించే జుట్టుపోలిగాడైనా, బంగారక్క అయినా మసకబారిన తోలుముక్కగానే కనిపిస్తారు. వెనుక దీపం పెడదామంటే, రంగు వేసిన తోలుకు 50 లక్సులకు (లక్సు వెలుతురు కొలమానం) మించిన వెలుతురు తగదన్నది మ్యూజియంలు పాటించే ప్రమాణం. కాబట్టి మనిషి దగ్గరికి వచ్చినప్పుడే వెలిగి, తర్వాత ఆరిపోయే దీపాలు అమర్చాలి. జింకతోలుతో చేసిన పాత బొమ్మలుంటే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది గనుక, వాటిని కదిలించే ముందు అటవీశాఖను సంప్రదించక తప్పదు.

మూడో దారిలో తోలును పలకకు మేకులతో సాగదీసి కొట్టడం, గీకడం, కీళ్లను దారంతో కట్టడం వరుసగా కళ్ల ముందు జరుగుతాయి. ఏ ఉలి ఎందుకో పలక మీద రాసి పెట్టనక్కర లేదు. ఇబ్బందులూ ఉన్నాయి. తాతనాటి పనిముట్లు వాడకంలో అరుగుతాయి, ఇల్లాలి వంటగది దాకా జనం వస్తారు. ఆటలకు పిలుపులు తగ్గినందున ఇప్పుడు చేసేవి చాలావరకు దీపపు తొడుగులే కదా అని కొందరు పెదవి విరుస్తారు. బతుకుతెరువును తప్పుపట్టే ఆ అభ్యంతరాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఉలి పట్టే వారసుడు ఒక్కడున్నా మూడో దారే మేలని నా అభిప్రాయం. శిథిలమవుతున్న పాత బొమ్మలను మాత్రం నెల్లూరుకు చేర్చి, తక్కినవి ఇంట్లోనే ఉంచాలి. వారసులు లేకుంటే తరలింపే గతి; అప్పుడు కూడా ఒక్క చిప్పను కదిలించకముందే వసారా మొత్తాన్ని ఫొటోలు, కొలతలతో నమోదు చేయాలి. పని సాగే చోటైతే ఇల్లూ బొమ్మలూ కుటుంబం ఆస్తిగానే ఉంటాయని, వారంలో ఏ రోజుల్లో, ఏ వేళల్లో తలుపు తీయాలో వాళ్లే నిర్ణయిస్తారని, వాన కాలంలో కప్పు మరమ్మతు ఖర్చు ఎవరిదో ఒప్పందంలో ముందే రాసుకోవాలి.