ఒకే డాక్టరు, ఒకే ఇంప్లాంటు, రెండు మోకాళ్లకు రెండు ఫలితాలు

నా కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ 2018 నవంబరులో అయింది, ఎడమదానికి 2020 మార్చి మొదటి వారంలో. రెండూ బెంగళూరులోనే, ఒకే డాక్టరు, ఒకే రకం ఇంప్లాంటు, అంటే లోపల అమర్చే కృత్రిమ కీలు. ఇవాళ కుడికాలు 120 డిగ్రీల దాకా వంగుతుంది. ఎడమది 95 దగ్గర ఆగిపోతుంది. ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లు ఎవరడిగినా ముందు ఈ తేడా గురించే చెబుతాను.

మోకాలు మొత్తం తీసేసి ఇనుప చిప్ప పెడతారని మా జయనగర్‌లో చాలామంది అనుకుంటారు. అలా కాదు. తొడ ఎముక చివర, కాలి ఎముక పైన అరిగిన భాగాన్ని సుమారు సెంటీమీటరు మందాన కోసి, పంటికి తొడుగు వేసినట్టు లోహపు తొడుగులు వేస్తారు. నాకు పైన కోబాల్ట్ క్రోమియం, కింద టైటానియం, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక. అరిగిన ఎముకల రాపిడి నొప్పి దాంతో పోతుంది. కండ బలం, వంపు మాత్రం మనం సంపాదించుకోవాల్సిందే.

2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరకు గరిష్ఠ పరిమితి పెట్టింది. కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు 54,720 రూపాయలు, జీఎస్‌టీ అదనం. నా బిల్లులో మాత్రం గది, ఆపరేషన్ థియేటరు, మందుల ఖర్చు దానికంటే ఎక్కువైంది. అంచనా రాయించుకునేటప్పుడు ఇంప్లాంటు ధర విడిగా అడగండి. ఇంప్లాంటు స్టిక్కర్లున్న కాగితం దాచుకోండి, ఎప్పుడైనా మళ్లీ ఆపరేషన్ అవసరమైతే డాక్టరు మొదట అడిగేది అదే.

కుడికాలికి మర్నాడే వాకరు పట్టుకుని నడిపించారు. ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించే ఫిజియో అబ్బాయిది చిత్తూరు. "అమ్మా, మోకాలి కింద దిండు పెట్టొద్దు, మడమ కింద పెట్టండి" అని రోజూ పోరేవాడు. మోకాలి కింద దిండు హాయిగా ఉంటుంది, కానీ కాలు వంకరగా బిగుసుకుపోతుంది. రోజుకు మూడు పూటలు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా వ్యాయామాలు చేశాను. మూడు నెలల్లో లాల్‌బాగ్ ఒక చుట్టు నడిచాను.

ఎడమకాలికి పదిరోజులు ఫిజియో సాగింది. మార్చి 25 నుంచి లాక్‌డౌన్. అబ్బాయి రాలేడు. ఫోన్లో చూపించాడు గానీ, పక్కన నిలబడి వంచేవాళ్లు లేరు. నొప్పికి భయపడి మా వారు దిండు తెచ్చి మోకాలి కిందే పెట్టేవారు, నేనూ వద్దనలేదు. జూన్‌కి 70 డిగ్రీలు దాటలేదు. మత్తిచ్చి వంచుతామని డాక్టరు అన్నారు. కరోనా రోజుల్లో మళ్లీ ఆసుపత్రికి వెళ్లే ధైర్యం చాలలేదు. ఆ నిర్ణయానికి ఇప్పటికీ బాధపడతాను. తర్వాత ఏడాది కష్టపడి 95కి తెచ్చాను.

రాత్రులు నిద్ర పట్టనివ్వని ఆ పాత నొప్పి రెండు కాళ్లకూ పోయింది. మిగిలినవి చిన్నవి: కోత పక్కన బయటివైపు తిమ్మిరి, అప్పుడప్పుడు టిక్కుమనే శబ్దం, విమానాశ్రయంలో మోగే గంట. వినాయక చవితికి పీట మీద కూర్చోలేను, కుర్చీ మీదే పూజ. నేల మీద బాసింపట్టు వేయడం, ఇండియన్ టాయిలెట్టు డాక్టరు వద్దన్నారు. పళ్లకు ఏదైనా చికిత్స ఉంటే ఆపరేషన్‌కి ముందే చేయించుకోండి. నోటిలో చీము ఉంటే క్రిములు రక్తంలో కలిసి కొత్త కీలు దాకా చేరొచ్చు.

చెన్నైలో మా వదినగారికి తుంటి మార్చారు. ఆవిడకు నాకంటే తొందరగా హాయి అనిపించింది, వంచే బాధ లేదు. కానీ కీలు జారకుండా మొదటి కొన్ని వారాలు కాలు మీద కాలు వేయకూడదు, తక్కువ ఎత్తు కుర్చీలో కూర్చోకూడదు, పడుకుంటే కాళ్ల మధ్య దిండు ఉండాల్సిందే అన్నారు.

మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు అని 2018లో నేర్పారు. అప్పుడు నా మంచికాలు ఎడమది. ఇప్పుడు సౌత్ ఎండ్ సర్కిల్ మెట్రో మెట్ల దగ్గర లిఫ్టు ఖాళీ లేకపోతే ఎక్కేటప్పుడు కుడికాలు ముందు వేస్తున్నాను.