బేసిక్ పికప్పా, ఫుల్ ఆప్షన్ పికప్పా: పదిహేనేళ్లు ఉంచుకోవాలంటే?

బేసిక్ మోడల్ కొంటే ఎలక్ట్రానిక్స్ గొడవ ఉండదనుకోకండి. ఇంజిన్ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్), ఏబీఎస్ (బ్రేకేస్తే చక్రాలు లాక్ కాకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్ మాడ్యూళ్లు (వాటిని నడిపే చిన్న కంప్యూటర్లు) సాధారణంగా రెండింట్లోనూ ఉంటాయి.

ఖర్చు: బేసిక్‌లో ఏసీ నాబ్ విరిగితే చిన్న పని. ఫుల్ ఆప్షన్‌లో టచ్‌స్క్రీన్ పోతే ఏసీ, కెమెరా కూడా దాంతోపాటే పోవచ్చు.

రిస్క్: అసలు శత్రువు తేమ. ఛాసిస్‌కి ఎర్త్ వైరుని (కరెంటు బ్యాటరీకి తిరిగెళ్లే దారిని) బిగించిన బోల్టు తుప్పు పట్టినా, కనెక్టర్ పిన్నుకి పచ్చగా చిలుం పట్టినా డ్యాష్‌బోర్డులో సంబంధం లేని లైట్లు కూడా వెలగొచ్చు. మెకానిక్ మాడ్యూల్ మార్చమన్నాడంటే ముందు బ్యాటరీ వోల్టేజీ, ఎర్త్‌లు చూడమని గట్టిగా అడగండి. కనెక్టర్లు తక్కువున్న బండిలో ఈ వెతుకులాట తొందరగా తేలుతుంది.

బురదలో, బరువులతో ఏళ్లతరబడి నడిపేవాళ్లకి బేసిక్కే. రోజూ హైవే మీద తిరిగి, వారంటీ అయ్యేలోపు మార్చేసేవాళ్లకి మాత్రం ఆటోమేటిక్ బ్రేకింగ్ ఉన్న ఫుల్ ఆప్షన్.