హామో ముళ్ళు, మూత రాని గిన్నె: క్యోటోలో కైసెకి భోజనాలు

జూలైలో క్యోటో వెళ్తున్నామంటే తెలిసినవాళ్ళంతా వద్దనే అన్నారు. మూడు పక్కలా కొండలు, మధ్యలో ఊరు, ఆకు కదలదు. రాజమండ్రిలో పుట్టి పెరిగినవాణ్ణి ఉక్కపోత పేరు చెప్పి భయపెడితే ఎలా? పైగా నేను వెళ్ళింది గుళ్ళు చూడ్డానికి కాదు, భోజనానికి. కైసెకి అని అక్కడొక భోజన పద్ధతి ఉంది. ఎనిమిది, పది, పన్నెండు అంచెలుగా, ఒక్కో పాత్రలో రెండు మూడు ముద్దల చొప్పున, రెండున్నర గంటల పాటు వడ్డిస్తారు. నేను చేపా మాంసం అన్నీ తింటాను. మా ఆవిడ శుద్ధ శాకాహారి. ఒకే ఊళ్ళో ఇద్దరం రెండు రకాల యాత్రలు చేసొచ్చాం.

ముందు మాట సంగతి. కైసెకికి రెండు రాతలున్నాయి, పలకడం ఒకటే. మొదటిది తేనీటి వేడుకలో పెట్టే చిన్న భోజనం. ఆ రాతకి ‘ఒడిలో రాయి’ అని అర్థం. జెన్ బౌద్ధ సన్యాసులు ఆకలి తెలీకుండా కాచిన రాయిని బట్టల్లో పొట్టకి ఆనించి పెట్టుకునేవారట. ఆ రాయంత ఊరట ఇచ్చే తిండి అన్నమాట. తేనీటి గురువు సెన్ నో రిక్యూ (1522–1591) పాటించిన పద్ధతిలో అది ఒక చారు, మూడు వంటకాలు, అంతే. రెండోది విందు భోజనం, సాకే (బియ్యపు మద్యం) తాగుతూ నింపాదిగా తినేది. కనిపెట్టడం తేలిక: తేనీటి భోజనంలో అన్నం మొదటే వస్తుంది, విందులో చిట్టచివర వస్తుంది. యాత్రికులకు ఎక్కువగా దొరికేది రెండోదే.

విస్తట్లో పప్పు నుంచి పెరుగు దాకా అన్నీ కళ్ళముందు కనపడితే గాని మనకి భోజనానికి కూర్చున్నట్టుండదు. అక్కడ తర్వాత ఏం వస్తుందో తెలీదు. మారు అడగడానికి లేదు. అన్నం దగ్గర మాత్రం ఇంకొంచెం పెట్టమంటారా అని వాళ్ళే అడుగుతారు. అందాకా ఓపిక పట్టాలి.

మొదటి రాత్రి ర్యొకాన్‌లో దిగాం. అంటే పాత పద్ధతి జపనీస్ సత్రం, పేరు చెప్పను. చాప గది, ఒంటికి యుకాతా అనే పల్చటి నూలు అంగీ, దేవదారు వాసన వేసే వేడినీళ్ళ తొట్టి, రాత్రి భోజనం, పొద్దున ఫలహారం అన్నీ కలిపి మనిషికి 38,000 యెన్. మా మారకంలో సుమారు ఇరవై రెండు వేల రూపాయలు. బుక్ చేసేటప్పుడే ‘ఒకరికి శాకాహారం’ అని రాశాం, సరేనని జవాబూ వచ్చింది. గదిలోనే భోజనం. వడ్డించే ఆవిణ్ణి నకాయి-సాన్ అంటారు. ప్రతి అంచెకీ గుమ్మం బయట మోకాళ్ళ మీద కూర్చుని, తలుపు జరిపి, లోపలికొచ్చి, మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని తలుపు మూసేది. చూస్తున్న నాకే మోకాళ్ళు నొప్పి పుట్టాయి.

మా ఆవిడ ముందు చేప లేకుండా అందంగా సర్దిన పళ్ళెమే పెట్టారు. తర్వాత లక్క గిన్నెలో చారు వచ్చింది. మూత తీసి ఆగిపోయింది. “ఏవండీ, ఇది చేప వాసన కాదూ?” అంది. చేపే. ముక్క లేదు, నీళ్ళలో ఉంది.

దాషి అంటే ఇదే. కొంబు అనే సముద్రపు నాచునీ, కత్సువోబుషి అనే పొగబెట్టి ఎండబెట్టిన చేప పొరల్నీ వేసి తీసే తేట. చూడ్డానికి లేత బంగారు రంగు నీళ్ళు. ఆ కొంబులో ఏముందా అని ఆరా తీసే 1908లో ఇకెదా కికునాయె అనే రసాయన శాస్త్రవేత్త గ్లుటమేట్ రుచిని పట్టుకుని దానికి ఉమామి అని పేరు పెట్టాడు. కైసెకి అంతా ఈ దాషి మీదే నడుస్తుంది. ఉడికిన ముల్లంగిలో, వంకాయలో, ఆకుకూర మీద పోసిన రసంలో కూడా ఉంటుంది. చేప ముక్క తీసేస్తే శాకాహారమైపోయిందని వాళ్ళనుకున్నారు. మోసమేం లేదు గాని మా ఆవిడకి భోజనమూ లేదు. ఫోన్‌లో అనువాదం చేసి చూపిస్తే నకాయి-సాన్ ముఖం పాలిపోయింది. యజమానురాలు స్వయంగా వచ్చి తల చాపకి ఆనేలా వంగింది. వంగితే మాత్రం ఏం లాభం? ఆ రోజుకి కాచుకున్న దాషి అదొక్కటే. తెల్లన్నం, చల్లటి టోఫు (సోయాపాల గడ్డ), పళ్ళ ముక్కలతో సరిపెట్టారు. తొమ్మిదిన్నరకి ఎవరో తలుపు తట్టి, మిగిలిన తెల్లన్నాన్ని ముద్దలు కట్టి వెదురాకులో చుట్టి ఇచ్చి వెళ్ళారు. మా ఆవిడ పెట్టె తీసి కందిపొడి డబ్బా బయట పెట్టింది. ఇరవై రెండు వేల భోజనం అలా పూర్తయింది.

కాబట్టి ‘శాకాహారం’ అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. మాంసం వద్దు, చేప వద్దు, చేప దాషి కూడా వద్దు, కొంబు దాషి అయితే ఫరవాలేదు అని విడమరిచి, జపనీస్‌లో రాయించి, వారం ముందు పంపండి. అలా పంపితే మాకు రెండు చోట్ల నుంచి ‘మేం చేయలేం, క్షమించండి’ అని జవాబొచ్చింది. అప్పుడు చిన్నబుచ్చుకున్నాం. ర్యొకాన్ రాత్రి తర్వాత వాళ్ళ మీద గౌరవం పెరిగింది.

మర్నాడు మధ్యాహ్నం నేనొక్కణ్ణే పొంతోచో అనే భోజనశాలల సందు దగ్గర ఒక చిన్న కౌంటరు దుకాణానికి వెళ్ళాను. ఎనిమిది కుర్చీలు, ఎదురుగా వంటాయన, పక్కన ఒక కుర్రాడు. మధ్యాహ్నం భోజనం 9,000 యెన్. ఈ యాత్రలో పెట్టిన డబ్బులో పైసా పైసా గిట్టిందంటే ఇక్కడే.

జూలై అంటే క్యోటోలో హామో నెల. పాములా పొడుగ్గా, పళ్ళతో చూడ్డానికి భయం పుట్టించే సముద్రపు చేప. ఊరేమో సముద్రానికి దూరం. పాత రోజుల్లో ఎండాకాలంలో సముద్రం నుంచి అంత దూరం మోసుకొచ్చినా ప్రాణంతో ఉండే చేప ఇదొక్కటేనట, అందుకే ఈ ఊరి చేపైంది. జూలై అంతా జరిగే గియోన్ ఉత్సవానికి హామో పండగ అని మారుపేరు కూడా ఉంది. చిక్కల్లా ముళ్ళతోనే. ఒళ్ళంతా సన్నటి ముళ్ళు, ఏరడం అయ్యే పని కాదు. అందుకని ఏరరు, కోస్తారు. వంటాయన చేపని చీల్చి చర్మం కిందికి వచ్చేలా పలక మీద పరిచాడు. బరువైన వెడల్పాటి కత్తి. ఒక సున్, అంటే మూడు సెంటీమీటర్ల మేరలో ఇరవై నాలుగు ఇరవై ఐదు గాట్లు పడాలి, చర్మం మాత్రం తెగకూడదు. కత్తి దిగిన ప్రతిసారీ జరజరమని సన్నటి చప్పుడు, ముళ్ళు తెగుతున్న చప్పుడది. కౌంటరు చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. ఆ ముక్కని పిండిలో దొర్లించి మరిగే నీళ్ళలో వదిలితే గాట్లన్నీ విచ్చుకుని తెల్లటి పువ్వులా తేలింది.

హామో వానాకాలం నీళ్ళు తాగి రుచెక్కుతుందని అక్కడొక మాట ఉంది. కుర్రాడు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్తుంటే నవ్వొచ్చింది. గోదావరికి ఎర్రనీరు తగిలితే గాని పులస పులస కాదని మా తాతయ్య అనేవాడు. అదీ ముళ్ళ చేపే, అదీ జూలై, ఆగస్టుల్లోనే. మా వాళ్ళు ముల్లు నోట్లో ఏరుకుంటారు, వీళ్ళు పలక మీదే పని తేల్చేస్తారు.

ఆ పువ్వు నాకు చారు గిన్నెలో వచ్చింది. నల్లటి లక్క గిన్నె, మూత మీద నీటి చుక్కలు. తుడవడం మర్చిపోయారేమో అనుకున్నాను. కాదట. మూత పెట్టాక వేళ్ళతో నీళ్ళు చిలకరిస్తారు, మీకంటే ముందు ఎవరూ తెరవలేదని గుర్తుగా. మూత పట్టుకుని లాగితే రాలేదు. ఆవిరికి బిగుసుకుపోయింది. నేను తంటాలు పడుతుంటే వంటాయన తన అరచేతుల్లో గాలినే గిన్నెలా పట్టుకుని, అంచుల్ని రెండు పక్కలా మెత్తగా నొక్కి చూపించాడు. అలా నొక్కగానే ‘ప్స్’ మని గాలి పోయి మూత చేతిలోకి వచ్చింది. బయట నల్లగా ఏమీ లేని మూతకి లోపలివైపు బంగారు పూత తామరాకులు. ఆవిరితో పాటు యూజు అనే నిమ్మజాతి కాయ తొక్క వాసన. మొదటి గుక్కకి ఉప్పు చాల్లేదనిపించింది. మూడో గుక్కకి సరిపోయింది. చివరి గుక్క దాకా లెక్కేసి ఉప్పు వేస్తారని తర్వాత అర్థమైంది. సాషిమి, అంటే పచ్చి చేప ముక్కలు, ఎంత బాగున్నా దాని ఘనత చేపది. వంటవాడి చెయ్యి ఎంతటిదో ఈ గిన్నెలో తెలిసిపోతుంది. ర్యొకాన్ చారు మొదటి గుక్కకే బాగుంది, చివరికి నోరు ఉప్పెక్కింది.

లేచేముందు జపనీస్‌లో రాయించుకున్న ఆ నాలుగు వాక్యాల కాగితం వంటాయనకి చూపించాను. రెండుసార్లు చదివి, వేళ్ళు లెక్కపెట్టి, మూడు రోజుల తర్వాత రాత్రి ఆరింటికి రమ్మన్నాడు, ఆవిణ్ణి తీసుకుని.

మధ్యలో మా ఆవిడ వంతు. అరషియామాలోని తెన్‌ర్యూజి గుడి 1339 నాటిది. ప్రాంగణంలోనే షిగెత్సు అనే భోజనశాల ఉంది. వడ్డించేది షోజిన్ ర్యోరి, బౌద్ధ సన్యాసుల భోజనం. చేప, మాంసం సరే, ఉల్లి వెల్లుల్లి కూడా పనికిరావు. కార్తీకమాసం వంట అని చెప్తే మనవాళ్ళకి ఠక్కున అర్థమవుతుంది. దాషి కొంబుతోనూ ఎండు పుట్టగొడుగులతోనూ తీస్తారు. మంచు, చంద్రుడు, పువ్వు అని మూడు రకాల భోజనాలు. మేం తీసుకున్న చిన్నరకం నాలుగు వేల యెన్ లోపే, తోట టికెట్ 500 అదనం. పెద్ద హాల్లో ఎర్ర తివాచీ మీద బారుగా కూర్చోబెట్టి ఎర్ర లక్క పళ్ళెం ముందు పెట్టారు. పంక్తి భోజనమే, ఆకులు లేవంతే. గోమాదోఫు పేరుకి టోఫు గాని అందులో సోయా లేదు. నువ్వులు మెత్తగా రుబ్బి, కుజు దుంప పిండితో కాచి గడ్డకట్టించింది. మా ఆవిడ కళ్ళు మూసుకుని తిని, “చిమ్మిలి వాసన, జున్ను మెత్తదనం” అంది. వడ్డన చకచకా అయిపోతుంది, ఎవరూ పక్కన కూర్చుని బతిమాలరు. శాకాహారులు క్యోటో వెళ్తే మొదటి భోజనం ఇక్కడే చేయండి.

కిబునె మాత్రం నా మాట విని మానుకోండి. కొండల్లో వాగు మీద చెక్కల వేదిక కట్టి, కాళ్ళకింద నీళ్ళు పారుతుంటే భోజనం పెట్టే చోటు. ఫొటోల్లో స్వర్గం. చల్లగా ఉన్నమాట నిజమే. కానీ మేం వెళ్ళిన చోట చేప చల్లారి వచ్చింది, బిల్లు వేడిగా వచ్చింది, సగంలో వాన పడితే పళ్ళేలతో సహా లోపలి గదిలోకి తరిమారు. ఆ ఊళ్ళోకి వెళ్ళి టీ తాగి రావడం చాలు.

హ్యోతెయ్ గంజి గురించి చెప్పకపోతే తప్పు. నాన్‌జెన్‌జి గుడికి వెళ్ళేదారిలో టీ కొట్టుగా మొదలై సుమారు నాలుగు వందల ఏళ్ళుగా నడుస్తున్న చోటు. రాత్రి భోజనం మన తాహతు కాదు గాని పొద్దున గంజి తినగలం. తెల్లటి బియ్యపు గంజి, మీద పోసుకోవడానికి చిక్కటి దాషి పులుసు, పక్కన వాళ్ళ పేరు మోసిన గుడ్డు. సగానికి కోసిన ఉడికీ ఉడకని గుడ్డు, తెల్లసొన గట్టిగా, పచ్చసొన జారుతూ జారకుండా. గంజికి ఇంత డబ్బా అని మా అమ్మ ఫోన్‌లో తిట్టింది. అమ్మా, అది తిన్నాక తిట్టు అన్నాను.

డబ్బు సంగతి కొంచెం. బోర్డు మీది ధరకి చాలాచోట్ల సేవా రుసుం పది నుంచి పదిహేను శాతం కలుస్తుంది. టిప్ ఇవ్వకండి, వెనకాలే పరిగెత్తుకొచ్చి తిరిగిస్తారు. ఆ రోజే రద్దు చేసుకుంటే చాలామంది పూర్తి డబ్బు వసూలు చేస్తారు. తెలిసినవాళ్ళ పరిచయం లేకుండా కొత్తవాళ్ళని రానివ్వని చోట్లు ఇంకా ఉన్నాయి, వాటి జోలికి పోకండి. కికునోయి లాంటి పేరున్న చోట్ల కూడా మధ్యాహ్నం భోజనం రాత్రి కంటే చాలా తక్కువలో వస్తుంది. అత్తరు పూసుకుని వెళ్ళొద్దు. ఉంగరాలు, గడియారం లక్క పాత్రలకి గీతలు పెడతాయి, తీసి జేబులో వేసుకోండి. తినే పుల్లల్ని (చాప్‌స్టిక్స్) అన్నంలో నిలువుగా గుచ్చొద్దు, అది చావింట్లో చేసే పని. నేల మీద బాసింపట్టు వేసి రెండున్నర గంటలు కూర్చోలేకపోతే బల్ల కింద కాళ్ళు దించుకునే గొయ్యి ఉన్న గది అడగండి.

చివరి రాత్రి ఆరింటికి ఇద్దరం పొంతోచో కౌంటరు దగ్గర కూర్చున్నాం. మనిషికి 20,000 యెన్. నాకు ఆయు అనే నది చేప, ఉప్పు రాసి కాల్చింది, ఈదుతున్నట్టే ఒంపు తిరిగి ఉంది. మా ఆవిడకి కామో నాసు, చిన్న బంతంత గుండ్రటి వంకాయ, రెండుగా కోసి కాల్చి తియ్యటి తెల్ల మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పూసింది. తర్వాత యూబా, పాల మీద మీగడ తీసినట్టు సోయాపాల మీంచి ఎత్తిన పొర. చారు గిన్నె వచ్చినప్పుడు వంటాయన పని ఆపి ఆవిడ వంకే చూస్తున్నాడు. ఆవిడ అంచులు నొక్కి మూత తీసింది (నేనే నేర్పాను లెండి), వాసన చూసింది, ఏమీ అనకుండా గిన్నె ఖాళీ చేసింది. “చారు బాగుంది, కానీ ఇంగువ లేదు” అని తెలుగులో నాతో అంది. ఏమన్నారని వంటాయన అడిగితే చాలా బాగుందన్నారని చెప్పాను.

బయటికొస్తుంటే ఆయనా కుర్రాడూ సందు దాకా వచ్చి నడుం వంచారు. మనం మలుపు తిరిగేదాకా అలాగే నిలబడటం అక్కడి మర్యాద. మేం మలుపు తిరిగాక తెలిసింది, స్టేషన్ అటు కాదని. వేరే దారి లేదు. తలవంచుకుని వెనక్కొస్తే వాళ్ళింకా లోపలికి వెళ్ళలేదు. మమ్మల్ని చూసి మళ్ళీ నడుం వంచారు. మేమూ వంచాం. ఈసారి కుర్రాడు నవ్వాపుకోలేకపోయాడు.