బొచ్చు లేని పిల్లికి భీమవరంలో స్నానం: బాగున్నదేంటి, వద్దనాల్సిందేంటి

బొచ్చు లేదు కదా, స్ఫింక్స్ పిల్లికి స్నానంతో పనేముంది అనుకుంటారు. అన్ని పిల్లుల్లోకీ ఎక్కువ స్నానాలు కావాల్సింది దీనికే. మామూలు పిల్లికి చర్మంలో ఊరే నూనె బొచ్చుకు పట్టేస్తుంది. దీనికి ఒంటిమీదే నిలిచి, దుమ్ముతో కలిసి గోధుమరంగు జిడ్డవుతుంది. దుప్పట్ల మీద మరకలు ఆ జిడ్డువే. మన డెల్టా ఉక్కలో మెడ మడతల్లో, చంకల్లో చెమ్మ ఆరదు కాబట్టి ఫంగస్ కూడా తేలిగ్గా పడుతుంది. వారానికోసారి కడగాల్సిందే.

భీమవరంలో ఈ పని చేస్తున్న గ్రూమింగ్ దుకాణంలో కడగడం వరకు వంక పెట్టలేం. నీళ్లు గోరువెచ్చగా, 37, 38 డిగ్రీల్లో ఉంచుతారు. పిల్లుల షాంపూను, అదీ వాసన లేనిదాన్ని, నీళ్లలో కలిపి మెత్తటి గుడ్డతో రుద్దుతారు. ప్రతి మడతా విప్పి కడుగుతారు. నురగ పూర్తిగా పోయేదాకా నీళ్లు పోస్తారు. షాంపూ మిగిలితే దురద, పొక్కులు వస్తాయి కనుక ఆ ఓపిక విలువైనది. గోళ్ల పని ఇంకా బాగుంది: వేలు నొక్కి గోరు బయటికి తెచ్చి, దాని మొదట్లో పేరుకున్న నల్లటి జిడ్డు తుడిచి, అప్పుడు కొన మాత్రమే కత్తిరిస్తారు. లోపల గులాబీ రంగులో కనిపించే భాగం జోలికి పోరు. అక్కడ తెగితే రక్తం వస్తుంది.

తర్వాతి పనుల్లోనే లోపాలు. తడి ఆర్పడానికి కుక్కలకు వాడే వేడి బ్లోయర్ పెడతారు. అడ్డం బొచ్చు లేని చర్మం కమిలిపోతుంది. తువ్వాలుతో అద్దమనండి. ఆరకుండా ఏసీ గదిలో వదిలినా ప్రమాదమే, వణికిపోతుంది. చెవుల్లో బొచ్చుండదు కనుక గుబిలి చాలా వస్తుంది. దాన్ని బడ్స్‌తో తీస్తామంటే ఒప్పుకోవద్దు, ఇంకా లోపలికి పోతుంది. పిల్లుల చెవి మందు చుక్కలు వేసి, చెవి మొదలు మెల్లగా నలిపి, పైకి వచ్చింది దూదితో తుడిస్తే చాలు. కాఫీ పొడిలా రాలి, పిల్లి తల విదిలిస్తుంటే అది పురుగు కావచ్చు, పశువైద్యుడికి చూపించాలి.

చివర్లో మెరుపు కోసమని కొబ్బరినూనె రాస్తారు. ఉన్న జిడ్డు చాలక ఇదొకటా! చర్మరంధ్రాలు మూసుకుపోయి గడ్డం కింద నల్లటి మొటిమలు లేస్తాయి. గోమార్లకు కుక్కల చుక్కలమందు వేస్తామంటే మాత్రం గట్టిగా వద్దనండి. అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లి ప్రాణానికే ముప్పు.

వాళ్లు అడగని సంగతి ఇంకొకటుంది. ఈ జాతిలో గుండె కండరం మందమయ్యే జబ్బు ఎక్కువ. గుండెకు తీసే స్కాన్, అంటే ఎకో పరీక్ష కాగితం వెంట తీసుకెళ్లి చూపించండి. స్నానం మధ్యలో పిల్లి నోరు తెరిచి రొప్పితే పని ఆపి, నేరుగా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లమని ముందే చెప్పండి. వేసవిలో పొద్దెక్కకముందే, ధనుర్మాసంలో మధ్యాహ్నం వెళ్తే మేలు. ఎండలో తీసుకొస్తే మాత్రం బుట్ట మీద గుడ్డ కప్పాలి, ఆ చర్మం మన చర్మంలాగే కాలుతుంది.