కె2 మీద రెండు గెలుపులు: 1954, 2021

1954 జులై 31న ఇటలీ బృందంలోని కంపన్యోని, లాచెదెల్లి తొలిసారి ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరం కె2 ఎక్కారు. దేశమంతా పండగే. వాళ్ల కోసం ఆక్సిజన్ సిలిండర్లు మోసిన వాల్టర్ బొనాట్టి, పాకిస్తాన్‌లోని హుంజాకు చెందిన అమీర్ మెహదీ మాత్రం ముందు రాత్రి 8,100 మీటర్ల ఎత్తున టెంట్ లేకుండా మంచులోనే గడిపారు. మెహదీ కాలివేళ్లు పోయాయి. శిఖరం ఎక్కబోయేవాళ్లు అనుకున్న చోట కాకుండా మరోచోట టెంట్ వేయడం వల్లే ఇలా జరిగిందన్నాడు బొనాట్టి. ఇటలీ ఆల్పైన్ క్లబ్ ఆయన మాటే నిజమని ఒప్పుకునేసరికి యాభై ఏళ్లు దాటింది.

చలికాలంలో తొలిసారి ఎక్కింది పదిమంది నేపాలీలు, 2021 జనవరి 16న. వేర్వేరు టీములుగా వచ్చినవాళ్లే. అయినా శిఖరానికి కాస్త కింద ఆగి, వెనకవాళ్లు వచ్చాక జాతీయగీతం పాడుతూ కలిసి అడుగుపెట్టారు. ఆ చలిలో ఆగి ఎదురుచూడటమంటే మాటలా! నా దృష్టిలో శిఖరం కన్నా ఆ ఆగడమే గొప్పది.