క్లచ్ తేలికే, పట్టు ఎక్కడో తెలిస్తే కదా!

మాన్యువల్ గేర్లున్న ఈ ఫోర్ వీల్ డ్రైవ్ బండి మీద నాకున్న పేచీ అంతా ఎడమ కాలి దగ్గరే. ఇంజన్, సస్పెన్షన్, ఫోర్ వీల్ డ్రైవ్ గురించి ఇప్పటికే అందరూ రాసేశారు, నేను క్లచ్ ఒక్కదాని గురించే రాస్తాను. కొన్న కొత్తలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా "ఇంత పెద్ద బండికి ఇంత తేలికైన క్లచ్చా!" అని చెప్పుకుని మురిసిపోయాను. ట్రాఫిక్‌లో నడిపేవాళ్లకు ఆ మాట ఇప్పటికీ చెబుతాను. రాళ్ల దారి పట్టేవాళ్లకు మాత్రం చెప్పను.

ఆ తేలికదనం పెడల్ దగ్గరున్న హెల్పర్ స్ప్రింగ్ చలవ. మొదట కొంచెం ఎదురు తోస్తుంది, సగం దాటాక మన కాలితో కలిసి పెడల్‌ని తనే కిందికి దింపుతుంది. చిక్కల్లా కాలు వెనక్కి తీసేటప్పుడు. సరిగ్గా క్లచ్ పట్టుకునే చోటే స్ప్రింగ్ తన బలాన్ని అటు నుంచి ఇటు మార్చుకుంటుంది, దాంతో క్లచ్ ప్లేటు ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌ని అందుకున్న సంగతి పాదానికి తెలియదు. దీనికి తోడు, తొక్కిన బలాన్ని క్లచ్‌కి చేర్చే ఆయిల్ పైపులో సన్నటి దారి ఉన్న వాల్వ్ ఒకటి. కాలు ఎంత గబుక్కున తీసినా ఆయిల్ నెమ్మదిగానే వెనక్కి వస్తుంది. గేర్‌బాక్స్, షాఫ్టులు దెబ్బ తినకుండా పెట్టారు కాబట్టి ఉద్దేశం మంచిదే. కానీ ముందు చక్రం రాయి అంచుకు ఆనుకుని ఉన్నప్పుడు పెడల్ అర అంగుళం వదిలితే ఏమీ జరగదు, ఇంకాస్త వదిలినా ఏమీ జరగదు, ఆ తర్వాత బండి ఒక్క గెంతు గెంతుతుంది లేదా ఠక్కున ఆగిపోతుంది. ఆగిపోతుందేమోనని యాక్సిలరేటర్ ఎక్కువ ఇచ్చి హాఫ్ క్లచ్‌లో పట్టి ఉంచుతాం. కాసేపటికి కాలిన వాసన. సర్వీసులో చెబితే "ఈ మోడల్ అన్నీ ఇంతే సార్, అలవాటైపోతుంది" అన్నారు. కొంత అలవాటైంది కూడా.

అసలు కథ ఒక నిలువు ఎత్తు మీద జరిగింది. వదులు రాళ్లు, మూతి పైకెత్తి ఉన్న బండి, మధ్యలో ఒక గట్టి రాయి. ఆగడం, స్టార్ట్ చేయడం, మళ్లీ హాఫ్ క్లచ్. ఉన్నట్టుండి పెడల్ మెత్తబడి నేలకు అంటుకుపోయింది. బూటు కొన కింద దూర్చి పైకి లేపాల్సి వచ్చింది. రివర్స్ వేయబోతే గరగరమని శబ్దం, క్లచ్ విడవడమే లేదు. అంత వాలులో పక్కకు తిప్పితే బండి బోల్తా కొడుతుంది. వచ్చిన దారినే వెనక్కి దిగాలి, అదీ క్లచ్ లేకుండా.

ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, పక్కనున్నాయన చక్రాల వెనక రాళ్లు పెట్టాక లో రేంజ్‌లోకి, అంటే బండిని బాగా నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేర్లలోకి మార్చాను. ఇంజన్ ఆగి ఉంటే గేర్లు పేచీ పెట్టకుండా పడ్డాయి. రివర్స్ వేసి, రాళ్లు తీయించి, పెడల్ నేల దాకా తొక్కాను. అది పని చేస్తుందని కాదు, దాని కింద స్విచ్ నొక్కుకోకపోతే స్టార్టర్ తిరగదు. తాళం తిప్పి హ్యాండ్ బ్రేక్ వదిలాను. స్టార్టరే బండిని ఒక కుదుపుతో కదిలించింది, ఇంజన్ అందుకుంది, ఆపైన మనిషి నడిచేంత వేగంతో, బ్రేకు పెద్దగా తాకకుండానే కిందికి దిగిపోయాం. ఆపాలంటే తాళం తిప్పడమే. ఈ బండి మీద అంత కోపంలోనూ లో రేంజ్‌కి దండం పెట్టాలనిపించింది. క్లచ్ చల్లారాక పెడల్ దానంతటదే పైకి వచ్చింది.

కారణం తర్వాత బయటపడింది. క్లచ్‌కీ బ్రేకులకీ ఆయిల్ డబ్బా ఒకటే. బ్రేక్ ఆయిల్ ఎప్పటికప్పుడు మారుస్తూనే ఉన్నారు, కానీ నాలుగు చక్రాల దగ్గర నుంచే తీస్తున్నారు. క్లచ్ పైపులో ఉన్నది అక్కడే ఉండిపోతుంది. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. మా బండిలో ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడిపించే చిన్న సిలిండర్ గేర్‌బాక్స్ లోపల, క్లచ్‌ని ఆనుకుని ఉంటుంది. హాఫ్ క్లచ్ వేడికి ఆయిల్ మరిగి ఆవిరైంది, ఆవిరిని తొక్కితే క్లచ్ విడుస్తుందా? క్లచ్ ఆయిల్ బయటికి తీసే నిపుల్ విప్పితే నల్లటి మడ్డి కారింది. క్లచ్ పైపు కూడా విడిగా ఖాళీ చేయించమని సర్వీసులో నోరు తెరిచి అడగండి, అడక్కపోతే చేయరు.

కొత్త ఆయిల్ పోసి ఎయిర్ తీశాక మళ్లీ అలా కాలేదు. పట్టు తెలియని బాధ మాత్రం అలాగే ఉంది కాబట్టి హెల్పర్ స్ప్రింగ్ తీయించేశాను. పెడల్ బరువెక్కింది గానీ, ప్లేటు తగులుతున్న చోట పాదానికి ఒక చిన్న అదురు అందుతోంది, నాకు కావలసింది అదే. ఇంట్లో ఇదే బండిని రోజూ ఆఫీసుకు తీసుకెళ్లే మనిషికి ఇది బొత్తిగా నచ్చలేదు, సాయంత్రానికి మోకాలు లాగుతోందట. వాళ్ల మాటా కాదనలేను.

నాకు మాన్యువల్ అంటే ఇష్టం, సెలవు దొరికితే కొండదారే పడతాను కాబట్టి ఈ బండి ఉంచుకుంటున్నాను. రోజువారీ ట్రాఫిక్కే ఎక్కువైతే స్ప్రింగ్ జోలికి పోకండి. రెండూ కావాలంటే ఆటోమేటిక్ ఒకసారి నడిపి చూశాకే డబ్బు కట్టండి. ఇక ఆ వాల్వ్ తీయించాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. వారంటీ అయ్యేదాకా దాన్ని కదిపే ధైర్యం లేదు.