ఘానా పది షిల్లింగులా, బోట్స్వానా యాభై సెంట్లా: ఏది మేలు?

ఆఫ్రికా దేశాల స్వాతంత్ర్యానికి గుర్తుగా వచ్చిన వెండి నాణేల్లో ఒక్కటే కొనాలంటే ఏది కొనమంటారని నాణేలు సేకరించే మిత్రులు తరచూ అడుగుతుంటారు. నా లెక్కలో పోటీ మూడింటి మధ్యే: ఘానా 1958 పది షిల్లింగులు, బోట్స్వానా 1966 యాభై సెంట్లు, లెసోతో 1966 యాభై లిసెంటే (ఆ దేశపు సెంట్లు).

ముందు తూకం సంగతి. ఘానా నాణెం 28.28 గ్రాములు, 925 వెండి, అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండే. ఆ లెక్కన 26 గ్రాములకు పైగా మేలిమి వెండి. లెసోతోది కూడా దాదాపు అంతే బరువు, కాకపోతే 900 వెండి. బోట్స్వానాది 10 గ్రాములే, అదీ 800 వెండి. మేలిమి 8 గ్రాములకు మించదు. వెండి కోసమే కొనేవారికి బోట్స్వానా ఇక్కడే ఓడిపోయింది. ఆ మాటకొస్తే వారు కడ్డీ కొనుక్కోవడం ఇంకా మేలు.

నేను చూసేది వేరు. ఆ నాణెం వేసిన నాటికి ఆ దేశానికి సొంత డబ్బు ఉందా, లేదా?

ఘానాకు ఉంది. 1957 మార్చి 6న స్వతంత్రమైన ఆ దేశం మరుసటి ఏడాది పశ్చిమాఫ్రికా పౌండును పక్కన పెట్టి తన పౌండు తాను తెచ్చుకుంది. పది షిల్లింగులంటే అందులో సరిగ్గా సగం. అర పెన్నీ మొదలుకొని బజారులో తిరిగిన చిల్లర మీద ఏ బొమ్మ ఉందో దీని మీదా అదే: క్వామే ఎన్‌క్రుమా. బొరుసు వైపు ఐదు కొనల నక్షత్రం. అసలు విశేషం ఆ బొమ్మలోనే ఉంది. అప్పటికి ఘానా ఇంకా గణతంత్రం కాలేదు, అది 1960 జులై 1న. దేశాధినేత ఎలిజబెత్ రాణి, ఎన్‌క్రుమా ప్రధాని మాత్రమే. రాణి బొమ్మ ఉండాల్సిన చోట ప్రధాని తన బొమ్మ వేయించుకోవడం ఏమిటని ప్రశ్న వచ్చింది. మా జనంలో చాలామందికి చదువు రాదు, స్వాతంత్ర్యం నిజంగా వచ్చిందని వారికి గుర్తులతోనే చూపించాలి అన్నది ఆయన జవాబు. మాట బాగుంది. కానీ ఆ బొమ్మ చుట్టూ ‘ఘానా రాజ్య స్థాపకుడు’ అన్న బిరుదును లాటిన్‌లో చెక్కించారు! చదువు రానివారి సంగతి సరే, చదువుకున్నవారిలో మాత్రం ఎందరికి అర్థమవుతుంది? 1966 ఫిబ్రవరిలో సైన్యం ఆయనను దించేసింది. మరుసటి ఏడాది ‘కొత్త సీడీ’ అనే డబ్బు తెచ్చినప్పుడు డబ్బు మీద నుంచి ఆ బొమ్మనూ తీసేశారు.

బోట్స్వానా 1966 సెప్టెంబర్ 30న స్వతంత్రమైనా, సొంత డబ్బు పులా వచ్చింది 1976లో. అప్పటిదాకా జనం చేతుల్లో తిరిగింది దక్షిణాఫ్రికా రాండే. నాణెం మీద ‘సెంట్లు’ అని ఉండటానికి కారణం అదే. అదే ఏడాది వేసిన బంగారు నాణెం మీద మాత్రం 10 తేబె (పులాలో నూరో వంతు తేబె) అని ఉంది. తేబె చలామణిలోకి రావడానికి ఇంకా పదేళ్లు ఉంది మరి! అందం మాట అడిగితే మాత్రం నా ఓటు దీనికే. ఒక వైపు తొలి అధ్యక్షుడు సెరెట్సె ఖామా, మరో వైపు రాజముద్ర. అందులో డాలుకు అటూ ఇటూ రెండు జీబ్రాలు; ఒకటి ఏనుగు దంతం పట్టుకుంటే ఇంకొకటి జొన్న కంకి పట్టుకుంది. భూతద్దం పెట్టి ఎంతసేపైనా చూడవచ్చు.

లెసోతోకు స్వాతంత్ర్యం ఆ తర్వాత నాలుగు రోజులకే వచ్చింది. లోపమూ అదే, పైగా సొంత డబ్బు లోటి కోసం 1980 దాకా ఆగాల్సి వచ్చింది. వెండి బరువు తప్ప దీని తరఫున చెప్పడానికి నాకేమీ తోచడం లేదు. స్వాజీలాండ్ 1968 వెండి నాణేలు సెట్టుగా దొరికితే తీసుకోండి. గినీ స్వాతంత్ర్య పదో వార్షికోత్సవం పేరిట వచ్చిన వెండి నాణేల మీద కెనడీ సోదరులు, మార్టిన్ లూథర్ కింగ్ కనిపిస్తారు. అవి ఎవరికి అమ్మడానికి వేశారో వేరే చెప్పాలా?

కాబట్టి ఒక్కటే అయితే ఘానాదే. అది ప్రూఫ్ నాణెం, అంటే సేకరించేవారి కోసం ప్రత్యేకంగా మెరుగు పెట్టి వేసినది; బొమ్మ చుట్టూ అద్దంలా మెరిసే ఖాళీ భాగం మీద వేలిముద్ర పడిందంటే పోదు. కాస్త నల్లబడినదైనా ఫర్వాలేదు గానీ, తోమి తళతళలాడించినది వద్దు. ధర అందకపోతే 1958 రెండు షిల్లింగుల రాగి-నికెల్ నాణెం వెతకండి. బొమ్మ అదే, నక్షత్రమూ అదే.